యాభై ఏళ్ల రూమ్మేట్

పొద్దున ఆరున్నరకు మా ఫ్లాట్‌లో కుక్కర్ మూడు విజిల్స్ వేస్తుంది. స్టవ్ మీద కుక్కర్ ఉండదు. ఆ తర్వాత ఆఫీస్ మీటింగ్ రింగ్‌టోన్ మోగుతుంది, లాప్‌టాప్ చూస్తే ఆఫ్‌లో ఉంటుంది. ఆఖర్న అచ్చం నా గొంతుతోనే "వినబడుతోందా?" అని ఒక ప్రశ్న. ఇదంతా చిట్టి పని. బూడిద రంగు ఒళ్లు, ఎర్రటి తోక, నల్లటి ముక్కు. ఆఫ్రికన్ గ్రే చిలక. వయసు తొమ్మిదేళ్లు, బరువు 450 గ్రాముల చుట్టూ.

చిట్టి వీడియో ఒకటి పంపిస్తే చాలు, "బ్రో, నాక్కూడా ఒకటి కావాలి, ఎక్కడ దొరుకుతుంది?" అని వెంటనే అడుగుతారు. ఎక్కడ దొరుకుతుందో తర్వాత చెప్తాలే అని, ముందు అది ఏం తింటుందో చెప్పడం మొదలుపెడతా. సగం మంది అక్కడే ఆగిపోతారు. మిగిలిన సగం మంది కోసం ఈ వారం కాలమ్.

చిట్టి నేను కొన్న పిట్ట కాదు. ఆఫీసులో ఒక సీనియర్ దగ్గర ఏడేళ్లు పెరిగింది. ఆయనకు విదేశంలో ఉద్యోగం వచ్చింది, పిట్టను వెంట తీసుకెళ్లడం కుదరలేదు, అలా మా ఇంటికి చేరింది. ఆయన ప్రేమలో లోటేమీ లేదు. గిన్నెలో మాత్రం ఏడేళ్లూ సన్‌ఫ్లవర్ గింజలే. అమ్మిన షాపు వాడు చెప్పింది అదే మరి. నా దగ్గరికి వచ్చేసరికి ఛాతీ మీద ఈకలు లేవు, తనకు తానే పీకేసుకుంది. వచ్చిన మొదటి వారంలోనే ఒక రాత్రి కర్ర మీంచి కిందపడి రెక్కలు టపటపా కొట్టుకుంది. ఫిట్స్. పక్షుల డాక్టర్ రక్తం పరీక్ష చేసి, కాల్షియం బాగా తక్కువ ఉందన్నారు.

గ్రే చిలకలకు ఈ సమస్య మామూలు చిలకల కంటే ఎక్కువ. ఒంట్లో కాల్షియం తగ్గితే వణుకు, తూలడం, చివరికి ఫిట్స్. సన్‌ఫ్లవర్ గింజల్లో కొవ్వు దండిగా ఉంటుంది, కాల్షియం, విటమిన్ ఎ మాత్రం బాగా తక్కువ. రుచి వాటికి తెగ నచ్చుతుంది, అదే చిక్కు. మనల్ని మూడు పూటలా మిరపకాయ బజ్జీలు తిని బతకమంటే మొదటి నెల సంతోషంగానే బతుకుతాం కదా. పిట్ట కూడా అంతే, ఏళ్లపాటు బాగానే కనిపిస్తుంది. పైగా పక్షులు జబ్బును దాచిపెడతాయి. అడవిలో నీరసంగా కనబడిన పిట్టను గద్ద ముందు ఎంచుకుంటుంది. అందుకే రెక్కలు వాల్చి, ఒళ్లు ఉబ్బించి కూర్చుందంటే జబ్బు ఇవాళ మొదలైందని కాదు, ఇక దాచలేకపోతోందని అర్థం.

వీటి సొంత ఊరు పశ్చిమ, మధ్య ఆఫ్రికా అడవులు. ఘనా, కామెరూన్, కాంగో అటువైపు. అక్కడ గింజలు, కాయలతో పాటు ఆయిల్ పామ్ పండ్లంటే ప్రాణం. ఎర్రటి ఆ గుజ్జులో విటమిన్ ఎ తయారీకి కావలసిన సరుకు బోలెడు ఉంటుంది. మన ఖమ్మం, గోదావరి జిల్లాల్లో ఎకరాలకు ఎకరాలు పండించేది అదే చెట్టు!

ఇప్పుడు చిట్టి మెనూ. సగానికి పైగా పెల్లెట్లు, అంటే చిలకల కోసం అన్ని పోషకాలూ కలిపి తయారుచేసే దాణా. రంగులు వేసినవి కాకుండా సాదావి తెస్తాను. మిగతాదంతా కూరగాయల బజారే. క్యారెట్, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడి, క్యాప్సికమ్, బీన్స్, తోటకూర, మొలకెత్తిన పెసలు. అన్నిటికంటే ఎక్కువ విలువైనది, అన్నిటికంటే చవకైనది మునగాకు. కాల్షియం, విటమిన్ ఎ రెండూ ఉంటాయి. పాలకూర రోజూ వద్దు, అందులోని ఆక్సలేట్లు కాల్షియాన్ని ఒంటికి పట్టనివ్వవు. పచ్చిమిరపకాయ ఇస్తే కసకసా నమిలేస్తుంది. పక్షులకు ఆ మంట తెలియదు, మీరు జాలిపడక్కర్లేదు. పండ్లు కొద్దిగానే: బొప్పాయి ముక్క, దానిమ్మ గింజలు నాలుగు. చిలక్కొట్టిన జామకాయ తియ్యగా ఉంటుందంటారు కదా, జామ కూడా పెట్టొచ్చు. యాపిల్ అయితే లోపలి గింజలు తీసేయాలి. సన్‌ఫ్లవర్ గింజల్ని పూర్తిగా మానలేదు. చెప్పిన మాట విన్నప్పుడు ఒకటో రెండో, మన చాక్లెట్ లాగా.

చాక్లెట్ అంటే గుర్తొచ్చింది, అది పిట్టకు విషం. కాఫీ, టీ, మందు కూడా. అవకాడో అయితే చిన్న ముక్కయినా ప్రాణం తీయొచ్చు. జిమ్‌కెళ్లే రూమ్మేట్ ఉన్నవాళ్లు కాస్త జాగ్రత్త. ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు వద్దు. ఇక్కడే మా అమ్మతో పేచీ. "ఓ ముద్ద పప్పన్నం పెడితే ఏమవుద్దిరా దానికి?" అంటుంది. ఉప్పూ, వెల్లుల్లి తాలింపూ ఉన్నాయమ్మా అంటే మొహం అదోలా పెడుతుంది. చివరికి ఒప్పందం కుదిరింది. ఉప్పూ కారం పడకముందే ఉడికిన పప్పు ఒక స్పూను పక్కన తీసిపెడుతుంది. చిట్టి దాన్నే అమృతంలా తింటుంది.

గింజలు మరిగిన పిట్టకు క్యారెట్ అలవాటు చేయడం తేలిక కాదు. "ఆకలేస్తే అదే తింటుందిలే" అనే సలహా ఎవరైనా ఇస్తే వినకండి. తెలియని వస్తువును అది ఆహారం అనుకోదు, నిండు గిన్నె ముందే ఆకలితో చచ్చిపోగలదు. నాకు నాలుగు నెలలు పట్టింది. పనిచేసిన చిట్కా ఒక్కటే, దాని ఎదురుగా కూర్చుని నేను తినడం. దానికి ఇవ్వకుండా! గ్రే చిలకలు గుంపులో బతికే జీవులు, పక్కవాడు తినేదాని మీద వాటికి భలే ఆసక్తి. పదకొండు రోజులు పచ్చి క్యారెట్ తిన్నాను. పన్నెండో రోజు నా చేతిలోంచి లాక్కుంది, కొరికి, నేలకేసి కొట్టింది. దాన్నే విజయం అనుకున్నాను.

ఆ నాలుగు నెలలూ నన్ను కాపాడింది వంటింటి డిజిటల్ కాటా. రోజూ పొద్దున, ఏమీ తినకముందు, చిట్టిని దాని మీద నిలబెట్టి గ్రాములు రాసుకుంటా. ప్రొడక్షన్ సర్వర్‌కు మానిటరింగ్ పెట్టినట్టే. నాలుగైదు గ్రాములు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. పదో వంతు తగ్గిందంటే ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి. ఈకల మాటున ఎముకలు తేలినా కంటికి కనపడవు, కాటాకు కనపడతాయి.

ఎండ సంగతి చాలామంది వదిలేస్తారు. తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి కావాలి, దానికి సూర్యుడి అతినీల కిరణాలు కావాలి. కిటికీ అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. అద్దం వెనక పెట్టి ఎండ తగులుతోంది అనుకుంటే లాభం లేదు. పొద్దుటి లేత ఎండలో బాల్కనీలో కాసేపు, పంజరంలో సగం నీడ ఉండేలా, మనిషి పక్కనే ఉండగా. మందుల షాపులో దొరికే కాల్షియం, డి చుక్కలు మాత్రం సొంతంగా వేయొద్దు. డి ఎక్కువైనా మూత్రపిండాలు పాడవుతాయి.

ఇక గాలి. పక్షుల ఊపిరితిత్తులు మనవాటి కంటే చాలా చురుగ్గా గాలిని వాడుకుంటాయి, కాబట్టి విషం కూడా అంతే వేగంగా ఎక్కుతుంది. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే ఆవిరి మన ముక్కుకు తెలియకపోవచ్చు, పక్క గదిలోని పిట్ట నిమిషాల్లో పోతుంది. మా ఇంట్లో ఇప్పుడు ఇనప పెనమే, దోసెలూ బాగొస్తున్నాయి. దోమల కాయిల్, రూమ్ స్ప్రే, సాంబ్రాణి, సిగరెట్ ఏవీ లేవు. తిరిగే సీలింగ్ ఫ్యాన్ ఇంకో ప్రమాదం. పిట్ట బయట ఉంటే ఫ్యాన్ ఆఫ్, అది రూలు.

తిండీ గాలీ సరే, అసలు కష్టం బుర్ర దగ్గరుంది. 'చిలక పలుకులు' అంటే అర్థం తెలియకుండా వల్లించడం అని మనకు అలవాటు. 1977లో ఐరీన్ పెప్పర్‌బర్గ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త షికాగోలో ఒక పెంపుడు జంతువుల షాపులో ఏడాది వయసున్న గ్రే చిలకను కొన్నారు. దాని పేరు అలెక్స్. ముప్ఫై ఏళ్ల శిక్షణలో అది వందకు పైగా మాటలు నేర్చింది. పళ్లెంలో వస్తువులు పెడితే రంగు, ఆకారం, దేంతో చేశారో చెప్పేది, ఆరు దాకా లెక్కపెట్టేది. 2007లో, 31 ఏళ్ల వయసులో చనిపోయింది. చిన్నపిల్లల బుర్రతో పోల్చేంత తెలివి అన్నమాట. అలాంటి బుర్రను పన్నెండో అంతస్తులో, తాళం వేసిన టూ బీహెచ్‌కేలో, రోజుకు పది గంటలు ఒంటరిగా ఉంచితే అది ఏం చేయాలి? ఈకలు పీక్కుంటుంది.

కరోనా టైమ్‌లో ఇంట్లోంచి పనిచేస్తూ గ్రేలు కొన్నవాళ్లు నాకు కొందరు తెలుసు. ఆఫీసులు తెరిచాక ఆ పిట్టల అరుపులకు పక్క ఫ్లాట్ల వాళ్లు కంప్లయింట్లు పెట్టారు. తప్పు పిట్టది కాదు.

అడవిలో వీటికి రోజులో ఎక్కువ భాగం తిండి వెతుక్కోవడంతోనే సరిపోతుంది. గిన్నె నింపి ఇవ్వడమంటే చేసే ఉద్యోగం పీకేయడమే. అందుకే తిండిని దాచిపెడతా. విస్తరాకులో చుట్టి దారం కట్టడం, కొబ్బరి చిప్పలో పెల్లెట్లు వేసి పైన కాగితం కుక్కడం. ఊళ్లో పిచ్చుకల కోసం చూరుకు వరి కంకులు కడతారే, అలా జొన్న కంకి వేలాడదీస్తే గంటన్నర పని. ఆన్‌లైన్‌లో అమ్మే ఖరీదైన బొమ్మల కంటే ఇవే దానికి ఇష్టం. రాత్రి మాత్రం పది పన్నెండు గంటల చీకటి నిద్ర కావాలి. నా నైట్ కాల్స్ అన్నీ వంటింట్లోంచే. ఛాతీ మీద ఈకలు మొలవడానికి ఏడాది పైనే పట్టింది. ఒక అరచేతంత చోట ఇంకా రాలేదు, ఇక రావేమో అన్నారు డాక్టర్.

కొనాలనుకునేవాళ్లకు చట్టం సంగతి. 1975 తర్వాత నలభై ఏళ్లలో అడవుల్లోంచి పది లక్షలకు పైగా గ్రేలను పట్టి ప్రపంచమంతా అమ్మారు. ఘనాలో అయితే దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే వన్యప్రాణుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలో 2017 జనవరి నుంచి వీటిని అత్యంత కఠినమైన జాబితాలో పెట్టారు. మన దగ్గర 2022లో వన్యప్రాణి చట్టాన్ని సవరించి, 2024లో నియమాలు తెచ్చారు. గ్రే మీ దగ్గరుంటే పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. చేతులు మారినా, పిల్లలు పుట్టినా, చనిపోయినా తెలపాలి. కాగితాలు చూపించలేని అమ్మకందారు ఎంత తియ్యగా మాట్లాడినా లేచి వచ్చేయండి. కళ్లు సరిగా తెరవని పిల్లను ఇచ్చి "మీరే సిరంజితో పెట్టండి, బాగా అలవాటవుతుంది" అనేవాడి దగ్గర్నుంచి కూడా. ఆ గుజ్జు కాస్త వేడెక్కువైతే పిల్ల గొంతు సంచి కాలిపోతుంది. పనిలో పనిగా ఇంకో మాట, మన రామచిలకను పంజరంలో పెట్టడం అసలే నేరం.

ఇదంతా అయ్యాక మిగిలేది ఒక లెక్క. బాగా చూసుకుంటే గ్రే చిలక 40 నుంచి 60 ఏళ్లు బతుకుతుంది. చిట్టికి తొమ్మిది, నాకు ఇరవై ఎనిమిది. నేను రిటైరయ్యే నాటికి అది ఇంకా కుక్కర్ విజిల్ వేస్తూ ఉండొచ్చు. మధ్యలో నా పెళ్లి, పిల్లలు, ఊళ్లు మారడాలు. కాబోయే అమ్మాయికి పిట్ట ఈకల పొడి పడకపోతే? గ్రేలు రాల్చే తెల్లటి పొడి ఉబ్బసం ఉన్నవాళ్లకు నిజంగా ఇబ్బందే.

లెక్క అంత దూరం కూడా పోనక్కర్లేదు. మా ప్రాజెక్టు నుంచి మార్చిలో ముగ్గురిని రెండేళ్లకు ఆన్‌సైట్ పంపుతున్నారు, లిస్టులో నా పేరుంది. పిట్టతో దేశం దాటాలంటే రెండు వైపులా అనుమతులు కావాలి, ఆ తిప్పలేంటో సీనియర్‌ను చూశాను. చిట్టికి రెండో ఇల్లు నాది. మూడోది వెతకడం నాకు ఇష్టం లేదు.

అమ్మ నెల రోజులుగా ఇక్కడే ఉంది. "నేను చూసుకుంటాలే, నువ్వెళ్లు" అంటోంది. ఆవిడకు యాభై ఆరు. దేవుడి దగ్గర అగరుబత్తి మానేసి దీపం ఒక్కటే పెడుతోంది, అది ఆవిడకు చిన్న విషయం కాదు. ఇనప పెనం తేడా వచ్చేసింది. చిట్టి మాత్రం ఇంకా ఆవిడ చేతి మీదికి ఎక్కడం లేదు, పప్పు స్పూను మాత్రం అందుకుంటుంది. మేనేజర్‌కు వచ్చే శుక్రవారంలోగా చెప్పాలి.

నిన్న నైట్ షిఫ్ట్ అయ్యి నేను ఇంకా క్యాబ్‌లో ఉండగానే అమ్మ ఫోన్ నుంచి ఒక ఫొటో వచ్చింది. కాస్త వణికిన ఫొటో. కాటా మీద చిట్టి, అంకెల్లో 449. కింద మెసేజ్: "స్పూను చూపిస్తే ఎక్కింది. రాత్రి క్యారెట్ వదిలేసింది, మునగాకు మొత్తం తినేసింది. మీ సార్‌కి అప్పుడే ఏం చెప్పకు."