ఏం చూసి మార్చారు?

ఈ వేసవిలో మా కారు నాలుగుసార్లు దారిలో ఆగిపోయింది. నాలుగోసారికి గానీ అసలు రోగం దొరకలేదు. వేలెడంత సెన్సర్, ఖరీదు 1,400 రూపాయలు. అది దొరికేలోపు మేం వదిలించుకున్నది 10,300. ఇంట్లో అందరూ ఆ డబ్బు గురించే బాధపడ్డారు. నాకు మాత్రం అది పోయిన తీరు చూస్తే బాధేసింది. మీలో చాలామందికి కారో స్కూటీయో ఉంటుంది కదా, అందుకే చెబుతున్నాను.

మొదటిసారి మే నెలలో. మామయ్యగారు అన్నవరంలో వ్రతం చేయించుకోవాలన్నారని కాకినాడ నుంచి వెళ్లాం. తిరిగి వస్తుంటే కత్తిపూడి దాటాక, గొల్లప్రోలు ఇంకా రాకముందే బండి ఉన్నట్టుండి ఆగిపోయింది. దగ్గూ లేదు, కుదుపూ లేదు, దీపం ఆరినట్టు ఆరిపోయింది. ఇంజిన్ ఆగగానే స్టీరింగ్ బండరాయిలా బిగుసుకుంటుంది. బ్రేకు రెండు మూడు తొక్కుల తర్వాత గట్టిపడిపోతుంది. వెనక లారీ హారన్ కొడుతోంది. మావారు ఎలాగో పక్కకి తీశారు. మిట్టమధ్యాహ్నం ఎండలో, ఎనభై ఏళ్లాయన ప్రసాదం పొట్లం పట్టుకుని కూర్చున్నారు.

తాళం తిప్పితే ఇంజిన్ గిర్రున తిరుగుతోంది, అంటుకోవడం లేదు. సెల్ఫ్ కొట్టి కొట్టి చివరికి బ్యాటరీ కూడా నీరసపడింది. ముప్పావుగంటకి మెకానిక్ వచ్చాడు. బ్యాటరీ పోయిందన్నాడు. కొత్తది 4,800. వేశాక ఒక్కసారికే స్టార్టయింది. అమ్మయ్య అనుకున్నాం.

పదిరోజులకి మళ్లీ ఆగింది. ఈసారి స్పార్క్ ప్లగ్గులన్నారు, 900. స్టార్టయింది. వారం తిరక్కుండా మళ్లీ. స్పార్క్ రావట్లేదు కాబట్టి కాయిల్ అన్నారు, 3,600. మళ్లీ స్టార్టయింది. మూడుసార్లకీ కలిపి కూలి ఇంకో వెయ్యి.

ఇక్కడే అసలు కిటుకు ఉంది. మెకానిక్ వచ్చి, సామాను తెప్పించి, బిగించేసరికి ఎప్పుడూ గంటో గంటన్నరో పట్టేది. ఆలోపు ఇంజిన్ చల్లారిపోయేది. చల్లారితే అది తనంతట తానే స్టార్టయ్యేది. మేమేమో కొత్త సామాను వల్లే బాగైందనుకునేవాళ్లం. జ్వరం దానంతట అది తగ్గితే, చివర్న వేసిన మాత్రకి పేరొచ్చినట్టన్నమాట.

ఆ కారు ఎక్కువగా నడిపేది నేనే. పాప ట్యూషను, మామయ్యగారి బీపీ చెకప్పు, రైతుబజారు అన్నీ నావే. అందుకే మూడోసారి తర్వాత, పాల లెక్క రాసుకునే క్యాలెండర్ మీదే ఇది కూడా రాశాను. ఎప్పుడు ఆగింది, అంతకుముందు ఎంతసేపు నడిచింది, ఎంతసేపటికి లేచింది. రాశాక చూస్తే, పొద్దున్నపూట ఒక్కసారి కూడా ఆగలేదు. ఆగిన ప్రతిసారీ మధ్యాహ్నమే, అదీ అరగంటకి పైగా నడిచాకే. ఈ సంగతి మెకానిక్‌కి చెబితే, "సార్ నంబరివ్వండి మేడమ్, ఆయనతో మాట్లాడతాను" అన్నాడు. ఆ సారేమో పొద్దున్నే ఆఫీసు బస్సెక్కి వెళ్లిపోయే మనిషి.

నాలుగోసారి పాపతో ఉండగా, సాయంత్రం రద్దీలో, నాలుగు రోడ్ల కూడలి మధ్యలో ఆగింది. పాప ఏడ్చేసింది. ఆ రోజే పాత మెకానిక్‌ని వదిలేసి, మా వీధి చివర పెద్దాయన షెడ్డుకి వెళ్లాను. ఆయన బానెట్ ఎత్తకముందే అడిగిన మొదటి మాట, "ఎప్పుడు ఆగుతోందమ్మా?" అని. నేను క్యాలెండర్ కాగితం తీసి చేతిలో పెట్టాను. ఆయన చదివి, "సగం పని నువ్వే చేసేశావమ్మా. బండి ఇక్కడే వదిలెయ్, చల్లగా ఉంటే ఏమీ తెలీదు, ఆగేదాకా నడపాలి" అన్నారు.

మర్నాడు వెళ్లి దగ్గరుండి చూశాను. ఇంజిన్‌ని అలాగే తిప్పుతూ ఉంచారు. వేడెక్కి ఆగిపోయింది. వెంటనే టెస్టర్ పెడితే ప్లగ్గుకి స్పార్క్ లేదు. సెల్ఫ్ కొడుతూ మీటర్ చూపించారు. ఇంజిన్ తిరుగుతున్నా ఆర్‌పీఎం ముల్లు సున్నా మీదే పడుకుని ఉంది. స్కానర్ తగిలిస్తే పీ0335 అని కోడ్ వచ్చింది. అంటే క్రాంక్ సెన్సర్ నుంచి కబురు రావట్లేదని.

నాకర్థమైన భాషలో ఇలా చెప్పారు. ఇంజిన్‌లో పిస్టన్లు పైకీ కిందకీ ఆడుతుంటే ఆ ఆటని గుండ్రంగా తిప్పేది క్రాంక్ షాఫ్ట్. దాంతోపాటే ఒక పళ్లచక్రం తిరుగుతుంది. పక్కనే ఉన్న సెన్సర్ ఆ పళ్లని లెక్కపెడుతుంది. చక్రానికి ఒకచోట పళ్లు కావాలనే తీసేసి ఉంటాయి. ఆ ఖాళీ వచ్చినప్పుడల్లా ఇంజిన్ ఎక్కడుందో బండిలోని కంప్యూటర్‌కి తెలుస్తుంది. దాన్నిబట్టే స్పార్క్ ఏ క్షణంలో ఇవ్వాలో లెక్కవేస్తుంది. సెన్సర్ నోరు మూసుకుంటే కంప్యూటర్‌కి ఇంజిన్ తిరుగుతోందో లేదో కూడా తెలీదు. స్పార్క్ ఇవ్వదు, చాలా బళ్లలో పెట్రోలు కూడా వదలదు. బ్యాటరీ, కాయిల్, ప్లగ్గులు అన్నీ బంగారంలా ఉన్నా సరే, పొయ్యి అంటుకోదు.

మరి చల్లారితే ఎందుకు పనిచేస్తోంది? మా బండిలో ఉన్న రకానికి లోపల వెంట్రుకంత తీగ చుట్ట ఉంటుందిట. పాతబడ్డాక వేడికి ఎక్కడో తెగినట్టు విడిపోతుంది. చల్లబడితే మళ్లీ తగులుకుంటుంది.

అంత జరిగినా ఆయన వెంటనే కొత్తది తెప్పించలేదు. ముందు వైరు ఎలకలు కొరికాయేమో, కనెక్టరు వదులైందేమో చూశారు. తర్వాత వేడి మీదే మీటరు పెట్టి కొలిచారు. లోపల తీగ తెగినట్టే చూపించింది. అప్పుడు ఒక్క పది నంబరు బోల్టు విప్పి పాతది లాగేశారు. కొత్తది కూర్చునే చోటు తుడిచి బిగించారు. అరగంట పని. సెన్సర్ 1,400, చూసినందుకూ బిగించినందుకూ 700. తర్వాత మళ్లీ వేడెక్కేదాకా నడిపి, ఆగలేదని నాకు చూపించి మరీ తాళం ఇచ్చారు.

ఇక నా అభిప్రాయం. మొదటి మెకానిక్ మోసగాడని నేననను. ఆ అలవాటు మనం నేర్పిందే. గంటసేపు పరీక్ష చేసి "చూసినందుకు 500" అంటే, "ఏం చేశావని ఐదొందలు?" అని బేరమాడతాం. అదే ఒక సామాను మార్చి 3,600 అంటే మారుమాట్లాడకుండా ఇస్తాం. చేతిలోకి ఏదో వస్తువొచ్చింది కదా! అలాంటప్పుడు మెకానిక్ చూడటం మానేసి, మార్చడమే నేర్చుకుంటాడు. మనకి కనబడేది సామానే, తెలివి కనబడదు. ఇంట్లో మన పనికి జరిగేది కూడా అదే కదండీ. పాపకి ఏ కూర పడదో, మామయ్యగారికి ఏ పూట నీరసమొస్తుందో గమనించి పెట్టుకునేది మనం. దానికి వెల కట్టేవాళ్లు లేరు. ఆ నొప్పి తెలిసిన మనమే, ఇంకొకడి గమనింపుకి ఐదొందలివ్వడానికి గింజుకుంటాం.

రెండోది, "బండి సంగతి మావారికే తెలుసు" అనే మాట ఇక వదిలేద్దాం. నడిపేది మనమైతే దాని రోగ లక్షణాలు తెలిసేదీ మనకే. నేను బీఏ తెలుగు చదివినదాన్ని. నాకు ఇంజిన్ తెలీదు, కానీ ఎప్పుడు ఆగిందో రాయడం తెలుసు. అసలు దారి చూపించింది ఆ రాతే. మెకానిక్ మన మాట పక్కన పెట్టి సార్ నంబరడిగితే, బండి నడిపేది నేను, నాతోనే మాట్లాడమని చెప్పండి. అప్పటికీ వినకపోతే షెడ్డు మార్చండి.

మూడోది, ఏ సామాను మార్చమన్నా ముందు ఒక్క ప్రశ్న అడగండి: "ఏం చూసి ఇదే పోయిందంటున్నారు?" కొలిచి చెబితే మార్పించండి. "మార్చి చూద్దాం" అంటే ఆగండి. పాత సామాను తిరిగి ఇమ్మని కూడా అడగండి. స్కూటీ ఉన్నవాళ్లకీ ఇదే మాట. వాటిలో ఇదే పని చేసేదాన్ని మెకానిక్‌లు పల్సర్ కాయిల్ అంటుంటారు.

మా పాత కాయిల్, ప్లగ్గులు అటకమీద ఉన్నాయి. పెద్దాయన పరీక్షించి చూస్తే రెండూ బాగానే ఉన్నాయి. మావారు అమ్మేద్దామన్నారు. ఉండనివ్వండి అన్నాను. ఈసారి ఎవరైనా "మార్చి చూద్దాం" అంటే చూపించడానికి.