మానుబల్ల

పెద్దమానును అడ్డముగా కోసి, ఆ గుండ్రని పలకకు కాళ్ళమర్చి బల్ల చేయుట నేడు వేడుకయైనది. మాంసము కొట్టువారి చింతమొద్దు ఇట్టిదే. వేడుక క్రొత్తదిగాని పని పాతదే. బల్ల అందముగనే యుండును. అయినను తొందరపడువారికిది తగదు. పచ్చికొయ్య ఆరునపుడు నడుమనుండి అంచువైపునకు ముడుచుకొనుదానికంటె వలయముల వెంబడి ముడుచుకొనునది దాదాపు రెండింతలు. అందుచే పలక అంచునుండి నడిమికి బీటవారును. ఆ బీటను లప్పముతో పూడ్చి, రంగు పూసి అమ్ముట కొన్నవానిని మోసగించుటయే.

అమెరికా వడ్రంగి జార్జి నకషిమా (1905–1990) బీటలను దాచలేదు. పగులునకు అడ్డముగా సీతాకోకచిలుక ఆకారపు కొయ్యబిళ్ళను పొదిగి, అది మఱి విచ్చకుండ బిగించి, అందఱికిని కనబడునట్లే విడిచెడివాడు. ఆయన మొదట భవనశిల్పి. పుదుచ్చేరిలో అరవిందాశ్రమమువారు నిజాము విరాళముతో కట్టించిన గోల్కొండ భవనమునకు పనిచేసెను. 1942లో యుద్ధకాలమున, జపానుజాతివాడని ఆయనను నిర్బంధశిబిరమున నుంచిరి. వడ్రంగములోని మెలకువలను అచ్చటనే ఒక జపాను వడ్రంగివద్ద నేర్చెను.

గాలివానకు కూలిన చింతను పొయ్యిపాలు చేయుటకంటె బల్లగా మలచుట మేలు. బల్లకొఱకే పచ్చని చెట్టును నఱకుట మాత్రము ఒప్పదు. నకషిమా పనితనమైనను ఆ నీడను తిరిగి తేజాలదు. కూలిన మాను దొరకినను వెంటనే చిత్రిక పట్టరాదు. పలకను నీడలో, గాలి తగులునట్లు, నెలల తరబడి ఆరనీయవలెను.