పాకాల రాతలు – 9: సుంకం దేశం మీద, దెబ్బ మన మీద



పోయిన వారం పోస్టు కింద చాలామంది ఒకటే అడిగారు. "అన్నా, ఎప్పుడూ మీ వాడల గురించేనా? అమెరికా మన దేశం మీద టారిఫ్ దాడి చేస్తా ఉంటే దాని మీద ఒక్క ముక్క రాయరేం?" అని. రాస్తాను. వాడల గురించి కాకుండా దాన్ని రాయడం కుదరదని కూడా చూపిస్తాను.

జరిగింది ఇది. 2025 ఆగస్టు 7 నుంచి అమెరికా మన సరుకుల మీద 25 శాతం అదనపు సుంకం వేసింది. రష్యా దగ్గర చమురు కొంటున్నామని ఆగస్టు 27 నుంచి ఇంకో 25 శాతం కలిపింది. అప్పటికి మొత్తం 50 అయింది. బంగ్లాదేశ్‌కు, వియత్నాంకు వేసింది 20 మాత్రమే. ఒకే రకం టీషర్టు మన దగ్గర కొంటే అంత, వాళ్ళ దగ్గర కొంటే ఇంత అన్నప్పుడు అమెరికా కంపెనీ ఎవరి దగ్గరికి పోతుంది? మన బట్టల ఎగుమతుల్లో నాలుగో వంతుకు పైగా పోయేది అమెరికాకే. అందులో అల్లిక బట్టలకు పెద్ద దిక్కు తిరుప్పూరు.

తిరుప్పూరు మాకు దూరం కాదు. తిరుపతి నుంచి కోయంబత్తూరు పోయే రైలు మా పాకాల మీదుగానే చిత్తూరు, కాట్పాడి దాటి తిరుప్పూరు చేరుతుంది. బోర్లు ఎండి, శెనక్కాయ పంట తేలిపోయినాక సొంత భూమి లేని మా ఇండ్ల నుంచి ఆడబిడ్డలు ఆ రైలు పట్టుకున్నారు. మా పిన్నమ్మ కూతురు అట్లా పోయిందే. నాకంటే పెద్దది, అక్క. పదకొండేండ్లుగా ఓవర్‌లాక్ మిషను మీద ఉంది. సెప్టెంబరులో వారానికి మూడు రోజులే పని అన్నారు. దీపావళికి ముందు "ఆర్డర్లు లేవు, పిలిచినప్పుడు రా" అని పంపించేశారు. ఆమె ఫోన్లో నన్ను అడిగింది ఒకటే: "అబ్బోడా, ట్రంపుకూ నాకూ ఏం తగాదా?"

చట్టం ప్రకారం 50 మందికి తగ్గని ఫ్యాక్టరీలో ఏడాది పనిచేసిన మనిషిని పని లేదని ఇంట్లో కూర్చోబెడితే సగం జీతం ఇవ్వాలి. అక్క అడిగింది. "నువ్వు కంపెనీ మనిషివి కాదు, కాంట్రాక్టరు మనిషివి" అన్నారు. కాంట్రాక్టరును అడిగితే "నీకు పీసు రేటు కదా, నెల జీతం ఎక్కడిది" అన్నాడు. పదకొండేండ్లు ఒకే షెడ్డులో కుట్టిన మనిషి ఎవరి రిజిస్టరులోనూ లేదు.

ఇప్పుడు ప్రభుత్వం ఎవరిని ఆదుకుందో చూద్దాం.

ఒకటి. విదేశీ పత్తి మీద 2021 బడ్జెట్ నుంచి ఉన్న 11 శాతం దిగుమతి సుంకాన్ని ఆగస్టు 19న ఎత్తేశారు. ముందు సెప్టెంబరు 30 దాకా అన్నారు, తర్వాత డిసెంబరు 31 దాకా పొడిగించారు. మనకు పత్తి అమ్మే పెద్ద దేశాల్లో అమెరికా ఒకటి. మన బట్ట మీద వాడు 50 వేశాడు, వాడి పత్తి మీద మనం 11 తీసేశాం. మిల్లు యజమానికి దారం చవకైంది. మరి ఆదోని మార్కెట్టుకు పత్తి తోలుకొచ్చే రైతు? ఆ చేలల్లో వంగి పత్తి తీసే మన ఆడవాళ్ళ కూలి? 2025-26లో క్వింటాలుకు 8,110 రూపాయల మద్దతు ధర కాగితం మీద ఉండేది. కొత్త పంట వచ్చే రోజుల్లోనే బయటి పత్తికి తలుపులు తెరిస్తే ఆ కాగితం ఎంతవరకు నిలబడుతుంది?

రెండు. నవంబరు 12న కేంద్ర మంత్రివర్గం ఎగుమతుల ప్రోత్సాహానికి 25,060 కోట్ల పథకం, ఎగుమతిదారుల అప్పులకు 20,000 కోట్ల దాకా హామీ ప్రకటించింది. రెండు రోజులకే రిజర్వ్ బ్యాంకు ఇంకో వరమిచ్చింది. దెబ్బతిన్న ఎగుమతిదారులు సెప్టెంబరు 1 నుంచి డిసెంబరు 31 లోపు కట్టాల్సిన బాకీలకు వాయిదా ఇవ్వచ్చని బ్యాంకులకు చెప్పింది.

మంచిదే, ఇవ్వండి. ఫ్యాక్టరీ మూతపడాలని మేమేం కోరుకోవడం లేదు. కానీ మా అక్కకు కూడా బాకీ ఉంది. గ్రూపు లోను. వారం వారం కంతు. ఆమె పని పోయిందీ అదే సుంకం వల్లే, అవే నాలుగు నెలల్లోనే. ఓనరు బాకీకి నాలుగు నెలల వాయిదా దొరికితే ఆమె కంతుకు ఒక్క వారం వాయిదా దొరకలేదు. కంతు తప్పితే గ్రూపు ఆడవాళ్ళందరినీ ఆమె గడప ముందు కూర్చోబెట్టారు. టీవీలో "దేశానికి ఊరట" అని వచ్చింది. ఆ దేశంలో మా అక్క ఉందా?

ఇక స్వదేశీ పాట. "విదేశీ వస్తువులు మానండి" అని పెద్దలు పిలుపిస్తున్నారు. ఈ కథ కొత్తది కాదు. 1896లో లాంకషైర్ మిల్లులను మెప్పించడానికి బ్రిటిష్ వాడు మన మిల్లు బట్ట మీద 3.5 శాతం ఎక్సైజు వేశాడు. అది 1926 దాకా పోలేదు. అన్యాయమే, కాదనను. కానీ ఆ అన్యాయానికి దేశమంతా ఏడ్చిన బొంబాయి మిల్లుల లోపల ఏం జరిగేదో తెలుసా? కండె అయిపోతే నాడెలోకి దారాన్ని నోటితో పీల్చి లాగాలి. అంటరానివాడి ఎంగిలి తగులుతుందని మన వాళ్ళను నేత ఖాతాలోకే రానిచ్చేవాళ్ళు కాదు. కూలి ఎక్కువ దొరికేది అక్కడే. 1928 సమ్మెలో బాబాసాహెబ్ ఈ సంగతే నిలదీశారు. మన తెలుగు నేల మీద మాలలు తరాలుగా ముతక బట్ట నేశారు. మగ్గం ముట్టడం తెలియనివాళ్ళం కాదు, ముట్టనియ్యనివాళ్ళం. స్వదేశీ చరిత్రలో లాంకషైర్ ఉంటుంది, ఈ ఎంగిలి ఉండదు.

"వ్యాపార ఒప్పందాల్లోకి కులం ఎందుకు లాగుతారు?" అని అడిగేవాళ్ళకు ఒక జవాబుంది. 2021 జనవరిలో దిండిగల్ దగ్గర ఒక గార్మెంట్ ఫ్యాక్టరీలో పనిచేసే దళిత యువతిని ఆమె సూపర్‌వైజరే చంపేశాడు. ఆ ఫ్యాక్టరీ కుట్టేది విదేశీ బ్రాండ్లకు. దళిత మహిళలు నడిపే టీటీసీయూ సంఘం ఊరుకోలేదు. 2022లో ఈస్ట్‌మన్ ఎక్స్‌పోర్ట్స్‌తో, హెచ్ అండ్ ఎమ్‌తో దిండిగల్ ఒప్పందం రాయించింది. అమెరికా కంపెనీలు గ్యాప్, పీవీహెచ్ కూడా తర్వాత సంతకం పెట్టాయి. లైంగిక హింసతో పాటు కుల హింస అనే మాట అందులో ఉంది. ఫ్యాక్టరీ మాట తప్పితే బ్రాండు ఆర్డర్లలో కోత పెట్టాలనీ ఉంది. అంటే విదేశీ వ్యాపార కాగితంలోకి కులం వస్తుంది. మన వాళ్ళు బల్ల దగ్గర కూర్చుంటే వస్తుంది.

2025లో ఢిల్లీ, వాషింగ్టన్ మధ్య బేరాలు నడిచాయి. ఆ బల్ల దగ్గర ఎగుమతిదారుల సంఘాల మాట వినబడుతుంది. కుట్టే చేతుల మాట వినబడదు. ఇక్కడ మన రాష్ట్ర మంత్రివర్గం జూన్‌లోనే రోజు పని పరిమితిని 9 గంటల నుంచి 10 గంటలకు పెంచడానికి ఒప్పుకుంది. పోటీలో నిలబడాలంట! సుంకం వాళ్ళు పెంచితే గంటలు మనం పెంచాలి.

మా డిమాండ్లు పెద్దవేం కాదు. సుంకం వల్ల పని పోయిన ప్రతి మనిషికీ, కాంట్రాక్టయినా పీసు రేటయినా, సగం జీతం ఇవ్వాలి. ఎగుమతిదారుకు వాయిదా వేసిన ప్రతి నెలా కార్మికురాలి గ్రూపు లోనుకూ వాయిదా వేయాలి. ప్రభుత్వ హామీతో అప్పు తెచ్చుకునే ఫ్యాక్టరీ ముందు తన కార్మికుల రిజిస్టరు చూపించాలి. ఏ దేశంతో బట్టల ఒప్పందం రాసుకున్నా దిండిగల్ మాటలు అందులో ఉండాలి.

మీ ఊర్లో గార్మెంట్ పని పోయి తిరిగొచ్చిన ఆడబిడ్డలు ఉంటే, ఎన్ని నెలలు పనిచేశారో, ఏ కాగితం ఉందో రాసిపెట్టుకోమనండి. ఐడీ కార్డు, పీఎఫ్ మెసేజీ, బస్సు పాసు, ఏదైనా సరే. ఆ లెక్క లేకుండా లేబర్ ఆఫీసు మెట్లెక్కితే లాభం లేదు. వచ్చే ఆదివారం ఆ అర్జీ ఎట్లా రాయాలో పెడతాను.

జై భీమ్.