గాలి ఆగిన తరువాత ఆగిపోయే వైద్యం

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను శ్రీకాకుళం జిల్లా పలాస సమీపంలో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుండి 150 కిలోమీటర్లు. ఉద్దానంలోని కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. వేలాది విద్యుత్ స్తంభాలు ఒరిగిపోయాయి. సరిహద్దుకు ఆవల గజపతి, గంజాం జిల్లాలను వరదలు ముంచెత్తాయి. ఆ తరువాత మృతుల లెక్క, కూలిన ఇళ్ల లెక్క, పడిపోయిన చెట్ల లెక్క ప్రభుత్వ పుస్తకాలకెక్కాయి. పరిహారం ఆ లెక్కలను బట్టే అందుతుంది గనుక వాటిపై అందరికీ శ్రద్ధ ఉంటుంది. అటువంటి పట్టికలలో సాధారణంగా చోటు దొరకనిది మరొక లెక్క. గాలి వాన వెలిసిన తరువాత, నిత్యం అందవలసిన వైద్యం అందక క్షీణించేవారి లెక్క అది.

ఉద్దానంలో ఈ లెక్కకు ఉన్న ప్రాధాన్యం మరెక్కడా లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలు దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధితో దశాబ్దాలుగా బాధపడుతున్నాయి. కారణం ఇదీ అని శాస్త్రజ్ఞులు నేటికీ తేల్చలేదు. వ్యాధి ముదిరినవారికి వారానికి రెండు మూడు సార్లు డయాలిసిస్ తప్పనిసరి. ఒక్కొక్క పర్యాయం దాదాపు నాలుగు గంటలు పడుతుంది. యంత్రంలో నిమిషానికి సుమారు అర లీటరు చొప్పున ద్రవం ప్రవహిస్తుంది, అంటే ఒక్క రోగికి ఒక్క పూటకు 120 లీటర్ల శుద్ధజలం. నీటిని శుద్ధి చేసే యంత్రం విడిచిపెట్టే వ్యర్థజలం దీనికి అదనం. విద్యుత్తు లేకపోతే యంత్రం తిరగదు, నీటి పంపు పనిచేయదు, శుద్ధి జరగదు. తుపాను మొదట దెబ్బతీసేది సరిగ్గా ఈ రెంటినే, విద్యుత్తునూ నీటినీ.

ఒక పర్యాయం తప్పితే ఒంట్లో నీరు చేరుతుంది. రెండు తప్పితే ఆ నీరు ఊపిరితిత్తులకు చేరి ఆయాసం మొదలవుతుంది. రక్తంలో పొటాషియం పెరిగి గుండె లయ తప్పుతుంది. ఇక్కడ ఉద్దానానికే ప్రత్యేకమైన ప్రమాదమొకటి ఉంది. తుపాను వెలిసిన మరునాడు తాగునీరు దొరకదు గాని, పడిపోయిన చెట్ల కింద కొబ్బరి బోండాలు గుట్టలుగా ఉంటాయి. దాహంతో ఉన్నవాడికి ఇరుగుపొరుగు ప్రేమతో కొట్టి ఇచ్చే ఆ బోండంలో పొటాషియం మెండు. ఆరోగ్యవంతునికి అది అమృతం. డయాలిసిస్ తప్పిన రోగికి మాత్రం ప్రాణాంతకం కాగలదు. పునరావాస కేంద్రంలో సేవచేసే యువకులకు ఈ ఒక్క విషయం చెప్పి ఉంచడానికి ఖర్చేమీ కాదు.

విపత్తు నివారణలో ఒడిశా సాధించిన ప్రగతిని తక్కువ చేయవలసిన పని లేదు. 1999 అక్టోబరు 29 నాటి మహా తుపానులో దాదాపు పది వేల మంది మరణించారు. ఆ ఏడాది చివరనే ఆ రాష్ట్రం విపత్తు నిర్వహణకు ప్రత్యేక సంస్థను నెలకొల్పింది. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం వద్ద గంటకు 200 కిలోమీటర్లకు మించిన గాలితో విరుచుకుపడినప్పుడు, అంతకు ముందే దాదాపు పది లక్షల మందిని తరలించారు. మరణాలు వేల నుండి పదులకు దిగాయి. 2019 మే 3న ఫణి తుపానుకు ముందు 26 లక్షల సంక్షిప్త సందేశాలు పంపారు, 43 వేల మంది స్వచ్ఛంద సేవకులను రంగంలోకి దింపారు. పది లక్షలకు పైగా జనాన్ని సురక్షిత ప్రాంతాలకు చేర్చారు. తీరం వెంట ఎనిమిది వందలకు పైగా బహుళార్థక ఆశ్రయ భవనాలు వెలిశాయి.

ఐతే ఈ విజయమంతా ప్రధానంగా ఒక్క రాత్రిని దాటించే విజయం. మనిషిని గాలి నుండి, ఉప్పెన నుండి తప్పించే విద్యలో యంత్రాంగం ఆరితేరింది. మరునాటి నుండి పదిహేను రోజులపాటు అతనికి అందవలసిన మందు, సూది, పాలు, పాఠం ఎవరి బాధ్యత అన్న ప్రశ్నకు సమాధానం అంత స్పష్టంగా లేదు. ఫణి తుపాను తరువాత పూరీ ప్రాంతంలో విద్యుత్తు తిరిగి రావడానికి వారాలు పట్టింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్నే తాకింది. ఉత్తరాంధ్రకే గాక దక్షిణ ఒడిశాలోని కొరాపుట్, రాయగడ వాసులకు సైతం పెద్ద వైద్యమంటే విశాఖే. ఆ నగరంలో రోజుల తరబడి కరెంటు, నీరు, ఫోను లేకపోయాయి. చిన్న ఆసుపత్రి పెద్ద ఆసుపత్రికి పంపుతుంది. పెద్ద ఆసుపత్రే తుపాను దారిలో ఉంటే ఎక్కడికి పంపాలి? ప్రణాళిక అనేది ఈ ప్రశ్నతో మొదలు కావాలి.

ఒక్క విషయంలో మాత్రం ఈ ప్రశ్నకు చక్కని జవాబు దొరికింది. అది గర్భిణుల విషయం. 2024 అక్టోబరు 24 అర్ధరాత్రి దాటాక దానా తుపాను ఒడిశా ఉత్తర తీరాన్ని తాకడానికి ముందే 4,431 మంది గర్భిణులను ఆరోగ్య కేంద్రాలకు తరలించగా, వారిలో 1,600 మంది ప్రసవించారని ఆ రాష్ట్ర ముఖ్యమంత్రి మోహన్ చరణ్ మాఝీ ప్రకటించారు. ఇది ఏ మహా యంత్రంతోనూ జరిగిన పని కాదు. ప్రతి ఊళ్లో ఆశా కార్యకర్త వద్ద గర్భిణుల పేర్లు, ప్రసవపు అంచనా తేదీలు వ్రాసి ఉన్నాయి. తుపాను హెచ్చరిక రాగానే ఆ పుస్తకం తెరిచి, సమీప దినాలలో ప్రసవించవలసినవారిని బండి ఎక్కించారు. కొండ ప్రాంతాలలో కాన్పుకు ముందే తల్లులు వచ్చి ఉండేందుకు ఏర్పాటైన ‘మా గృహ’ వసతి కేంద్రాలు ఈ అలవాటుకు పునాది వేశాయి. మామూలు రోజుల్లో జరిగే పనే ఆపదలోనూ జరిగింది గనుక ఎవరూ తడబడలేదు.

గర్భిణుల కోసం ఉన్న ఆ పుస్తకం డయాలిసిస్ రోగుల కోసం ఎందుకు ఉండకూడదు? వారి సంఖ్య గర్భిణుల సంఖ్య కంటె ఎంతో తక్కువ. ప్రతి ఒక్కరి పేరూ, వారమూ, వేళా కేంద్రంలో ముందే నమోదై ఉంటాయి. తుపాను హెచ్చరిక మూడు నాలుగు రోజుల ముందే అందుతున్న ఈ కాలంలో, తుపానుకు ముందటి రోజున అందరికీ ఒక పర్యాయం ముందుగానే డయాలిసిస్ జరిపితే రెండు మూడు దినాల వ్యవధి దొరుకుతుంది. ఇది ఊహ కాదు. 2012లో అమెరికాలోని న్యూయార్క్, న్యూజెర్సీ ప్రాంతాలను శాండీ తుపాను తాకినప్పుడు, అలా ముందుగా చేయించుకొన్న రోగులలో ఆసుపత్రి పాలైనవారూ, నెలలోపు మరణించినవారూ తక్కువగా ఉన్నట్లు పరిశోధకులు తరువాత నిర్ధారించారు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. అంతటి భవనం ఉన్నచోట జనరేటరుకు ఎన్ని రోజుల డీజిలు నిల్వ ఉండాలి, నీటి ట్యాంకరు ఎవరు పంపాలి, పడిన చెట్లను తొలగించేటప్పుడు ఆసుపత్రి దారి ఎన్నో వరుసలో ఉండాలి అన్నవి కూడా కాగితంపై ఉండాలి.

ఇక కొండల మాట. తిత్లీ సమయంలో గజపతి జిల్లాలోని బరాఘర అనే ఊళ్లో వానకు తాళలేక ఒక గుహలో తలదాచుకొన్న గిరిజనులపై కొండచరియ విరిగిపడింది. పదిమందికి పైగా ప్రాణాలు పోయాయి. ఆశ్రయ భవనాలన్నీ తీరంలో, మృత్యువేమో కొండపై. తుపాను అంటే సముద్రమే అన్న అలవాటు ఆలోచన ఈ విషాదానికి చాలావరకు దారితీసింది. పర్లాకిమిడి, పాతపట్నం పరిసరాల పల్లెలకు తుపాను అంటే వరద, కొండచరియ, తెగిన దారి. అక్కడి ప్రణాళిక గోపాలపురం ప్రణాళికకు నకలు కారాదు.

వీటన్నింటికీ మించి సరిహద్దు పల్లెలకు మరొక చిక్కు ఉంది. ఇచ్ఛాపురం వాసికి శ్రీకాకుళం కంటె బరంపురం చాలా దగ్గర. పర్లాకిమిడి వీధులలో తెలుగు, ఒడియా రెండూ వినిపిస్తాయి. బంధుత్వాలు, సంతలు, వైద్యులు అటూ ఇటూ కలిసి ఉన్నాయి. విపత్తు ప్రణాళిక మాత్రం జిల్లా గీత దగ్గర ఆగిపోతుంది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రతి జిల్లాకూ ఒక ప్రణాళిక ఉండాలన్నది. పక్క జిల్లా పక్క రాష్ట్రానిదైతే రెండు ప్రణాళికలను ఒకచోట పెట్టి చదివే బల్ల ఏదీ లేదు. అంబులెన్సు సంఖ్య రెండు రాష్ట్రాలలోనూ 108 అయినా, సరిహద్దులో సెల్ ఫోను ఏ రాష్ట్రపు టవరును పట్టుకొంటే ఆ రాష్ట్రపు కేంద్రానికే పిలుపు వెళుతుంది. అవతలి భాషలో ఊరి పేరు చెప్పి ఒప్పించేసరికి విలువైన నిమిషాలు గడిచిపోతాయి. సాలూరు సరిహద్దులోని కొఠియా గ్రామాలు తమవంటే తమవని రెండు రాష్ట్రాలు దశాబ్దాలుగా వాదించుకొంటున్నాయి. భూమిపై చూపే పట్టుదలలో పదోవంతు ఆ ఊళ్ల రోగుల జాబితాపై చూపినా చాలు.

కరోనా కాలంలో ఈ గీత ఎంత కఠినం కాగలదో తెలిసివచ్చింది. 2020 ఏప్రిల్‌లో తమిళనాడులోని వేలూరు జిల్లా అధికారులు చిత్తూరు జిల్లా నుండి వచ్చే రెండు రహదారులపై గోడలే కట్టించారు. విమర్శలు వెల్లువెత్తాక కూల్చివేశారు. 2021 మే నెలలో ఆంధ్రప్రదేశ్ నుండి హైదరాబాదు ఆసుపత్రులకు వెళుతున్న అంబులెన్సులను తెలంగాణ సరిహద్దులో నిలిపివేశారు. మే 14న ఆ రాష్ట్ర హైకోర్టు సంబంధిత ఉత్తర్వు అమలును ఆపేవరకు రోగులు దారిపైనే పడిగాపులు కాశారు. న్యాయస్థానం తలుపు తట్టి అంబులెన్సును కదిలించవలసి రావడం ఏ ప్రణాళికకూ గౌరవం కాదు. యానాం పరిస్థితి మరీ విచిత్రం. పాలన పుదుచ్చేరిది, చుట్టూ ఉన్న నేల ఆంధ్రప్రదేశ్‌ది, పెద్ద వైద్యానికి దారి కాకినాడది. 2022 జూలైలో గోదావరి వరద యానాం వీధులలోకి వచ్చినప్పుడు ఆ నీరు ఏ పాలనా పరిధినీ గుర్తించలేదు.

భాష కూడా వైద్యసేవలో భాగమే. గోపాలపురం, ఆర్యపల్లి, పూరీలోని పెంటకటా వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన మత్స్యకారులు ఇంట్లో తెలుగే మాట్లాడతారు. హెచ్చరిక సందేశం ఒడియాలో వస్తే పిల్లలు చదివి పెద్దలకు చెప్పవలసిందే. ఇక మందుల చీటీ, డయాలిసిస్ సమయం, ‘ఏది తాగరాదు’ అన్న సూచన ఇవన్నీ రోగికి స్వభాషలో అందకపోతే ఎంత మంచి ప్రణాళికైనా చివరి అడుగులో జారిపోతుంది.

కొంత మార్పు మొదలైంది. రేషను కార్డు ఏ రాష్ట్రంలోనైనా చెల్లుబాటవుతోంది. క్షయ రోగి వివరాలు ‘నిక్షయ్’ సంఖ్యతో దేశమంతటా అందుబాటులో ఉన్నాయి గనుక ఊరు మారినా మందు ఆగనక్కరలేదు. ఆయుష్మాన్ భారత్ పథకంలో ఒడిశా 2025 ఏప్రిల్‌లో చేరడంతో అక్కడి కార్డుదారులకు పొరుగు రాష్ట్రాలలో వైద్యానికి మార్గం ఏర్పడింది. బియ్యం, క్షయ మందు గీత దాటగలిగినప్పుడు డయాలిసిస్ పట్టిక దాటలేకపోవడానికి సాంకేతిక కారణమేదీ లేదు.

పాఠశాలల సంగతి కూడా ఇందులో భాగమే. తుపాను వస్తే బడి పునరావాస కేంద్రమవుతుంది, కావలసిందే. కాని జనం ఇళ్లకు మళ్లిన తరువాత గదులు శుభ్రం కాక, వంటపాత్రలు లెక్క తేలక, బావి నీరు పరీక్ష కాక బడి తెరవడం ఆలస్యమవుతుంది. ఆ రోజులన్నీ పేద పిల్లలకు మధ్యాహ్న భోజనం లేని రోజులు. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు ఆగితే బాలింత మీద, పసిబిడ్డ మీద పడే ప్రభావం వెంటనే పైకి కనబడదు. ఆశ్రయానికి ఇచ్చిన బడిని ఎవరు, ఎన్ని రోజులలో తిరిగి అప్పగించాలన్నది పంచాయతీ ముందే తీర్మానించుకోవచ్చు.

కుటుంబాలు చేసుకోగల పనులూ ఉన్నాయి. రోగి వాడే మందుల పేర్లు, మోతాదు, డయాలిసిస్ కేంద్రం ఫోను సంఖ్య, నీరు తీసిన తరువాత ఉండవలసిన బరువు ఒక కాగితంపై రెండు భాషలలో వ్రాయించి, నీరు చొరని ప్లాస్టిక్ సంచిలో ఉంచుకోవాలి. రెండు వారాల మందులు నిల్వ ఉండాలి. ఇన్సులిన్ వాడేవారు కరెంటు పోయినప్పుడు దానిని మట్టికుండ చల్లదనంలో భద్రపరిచే పద్ధతిని ముందే వైద్యుని అడిగి తెలుసుకోవాలి. మూత్రపిండాల రోగులు తుపాను దినాలలో ఉప్పు, నీరు, అరటిపండు, కొబ్బరినీరు ఎంతవరకు అన్నది వైద్యుని నోటనే వినాలి.

క్యాలెండరు కూడా ఒక సంగతి చెబుతుంది. 1999 మహా తుపాను, ఫైలిన్, హుద్‌హుద్, తిత్లీ, దానా, 2025 అక్టోబరు 28 రాత్రి తీరం దాటిన మొంథా అన్నీ అక్టోబరు నెలవే. శ్రీకాకుళం, గంజాం, గజపతి జిల్లాల వైద్యాధికారులు సెప్టెంబరులో ఒక్క పూట, ఇచ్ఛాపురంలోనో బరంపురంలోనో కలిసి కూర్చుంటే చాలు. రెండు వైపుల డయాలిసిస్ రోగుల పట్టికలు, ఖాళీ యంత్రాల సంఖ్య, రాత్రివేళ ఫోను ఎత్తే మనిషి పేరు ఆ పూటలోనే చేతులు మారతాయి.