బందరు బజారులో ఒక బాకీ

తోట్లవల్లూరులోని మా పాత ఇంటి పైకప్పు మార్చే పనిలో దాదీగారి ట్రంకు పెట్టెను కిందికి దించాము. అందులో ఖుర్ఆన్ ప్రతిని చుట్టి ఉంచిన జుజ్దాన్ మడతలో నాలుగు వరుసల కాగితం ఒకటి దొరికింది. చేతిరాత దాదాగారిది. బందరు రాబర్ట్‌సన్‌పేట బజారులోని ఫలానా సాహెబుగారి బట్టల దుకాణానికి 65 రూపాయలు ఇవ్వవలసి ఉన్నదనీ, మూడుసార్లు వెళ్ళినా దుకాణం మూసి ఉన్నదనీ, తన తరువాత ఎవరైనా ఆ బాకీ తీర్చాలనీ అందులో రాసి ఉన్నది. 1962లో మా ఫుప్ఫీగారి నికాహ్ బట్టలు ఆ దుకాణంలోనే అరువు తెచ్చారని ఇంట్లో పెద్దలకు లీలగా గుర్తు. దాదాగారు 1979లో అల్లాహ్ సన్నిధికి చేరారు. అంటే ఆ బాకీ నలభై ఏళ్ళకు పైగా ఖుర్ఆన్ పక్కనే ఉండిపోయింది.

అరవై ఐదు రూపాయలకు ఇంత హడావుడి ఎందుకని మా ఇంటి కుర్రవాడొకడు నవ్వాడు. ఒక జనాజా ముందుకు వచ్చినప్పుడు మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) మొదట అడిగిన ప్రశ్న మృతునికి అప్పు ఉన్నదా అని. ఉన్నదని తెలిసి, నమాజు మీరే చేయించుకోండని సహచరులతో అన్నారు. అబూ ఖతాదా (రజియల్లాహు అన్హు) ఆ కొద్ది దీనార్ల బాధ్యత తనదని పూచీపడిన తరువాతనే ఆయన ముందుకు వచ్చి నమాజు చేయించారు. ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన ఆయతు, బఖరా సూరా 282వ ఆయతు, ఉపవాసం గురించో హజ్ గురించో కాదు. అప్పును కాగితం మీద పెట్టడం గురించి. దాదాగారు రాసిపెట్టారు. వెతికి ఇవ్వడం మా వంతు. హక్కుదారు దొరకనే దొరకకపోతే అతని పేరిట సదఖా చేయవచ్చునని ఉలమాలు చెబుతారు గాని, వెతకకుండానే ఆ దారి పట్టడం సబబు కాదు.

ఆ విధంగా మేనల్లుడిని వెంటబెట్టుకుని ఉయ్యూరు, పామర్రు మీదుగా బందరు బస్సు ఎక్కాను. చేతిలో ఒక పేటపేరు, ఒక మనిషి పేరు తప్ప మరే ఆధారమూ లేదు. (ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. వారసుల అనుమతి తీసుకోలేదు.)

బందరులో పోయిన దుకాణాన్ని వెతకడం ఎంత కష్టమో అక్కడికి వెళితేగాని తెలియదు. ఆ ఊరి చరిత్రంతా పోయిన కట్టడాల చరిత్రే. పేరులోనే రేవు ఉన్నది. బందరు అనేది ఫారసీ మాట. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో ఇరాన్ వర్తకులు ఇక్కడ కాపురాలుండి ఓడలు నడిపారు. హజ్ యాత్రికులూ ఈ రేవు నుండే ఓడలెక్కారు. 1605లో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు, ఆ తరువాత ఫ్రెంచివారు వచ్చి కోఠీలు పెట్టుకున్నారు. వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, ఫరాసుపేట అనే పేర్లు మాత్రం మిగిలాయి. డచ్చివారి సమాధులు ఉన్నాయి, వారి గిడ్డంగులు లేవు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రం ఊరి మీదికి వచ్చినప్పుడు సుమారు 30,000 మంది మరణించారని లెక్క కట్టారు. తెల్లవారేసరికి ఎన్ని దుకాణాల ఖాతా పుస్తకాలు ఉప్పునీటిలో కరిగిపోయాయో, ఎందరి బాకీలు ఇచ్చేవాడూ పుచ్చుకునేవాడూ లేక అలాగే ఆగిపోయాయో ఎవరు చెప్పగలరు? కాగితం పట్టుకుని తిరుగుతున్నప్పుడు నాకు పదే పదే వచ్చిన ఆలోచన ఇదే.

రాబర్ట్‌సన్‌పేట పేరు కూడా కంపెనీ కాలపు కలెక్టరుదే. 19వ శతాబ్దపు తొలి దశకాల్లో ఆయన ఇక్కడ కొత్త బజారు కట్టించి, దాని కూడలికి అలంకారంగా అమరావతి స్తూపం నుండి ముప్పయికి పైగా శిల్పఫలకాలను తెప్పించి నిలబెట్టించాడు. బియ్యమూ బట్టలూ అమ్మే చోట రెండు వేల ఏళ్ళ నాటి చెక్కడాలు! వాటిలో కొన్ని తరువాత మద్రాసు మ్యూజియానికి చేరాయి. మ్యూజియానికి చేరిన రాళ్ళకు నంబర్లున్నాయి, వివరాలున్నాయి. వాటి ఎదుట కూర్చుని తాను విప్పి గజాల లెక్కన కొలిచి ఇచ్చిన మనుషుల పేర్లు ఏ పట్టికలోనూ లేవు.

మొదటి రోజు ఫలితం శూన్యం. అత్తరు దుకాణాలు ఉండేవన్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. టీ కొట్టు పెద్దాయన మమ్మల్ని వరుసగా ముగ్గురి దగ్గరికి పంపాడు. ముగ్గురూ మూడు చోట్లు చూపించారు. ఒకరు 1977 ఉప్పెనకు ముందు అక్కడ బట్టల దుకాణం ఉండేదన్నారు. ఇంకొకరు అది ఉప్పెనకు చాలా ముందే ఎత్తేశారన్నారు. మనుషుల జ్ఞాపకం కాలాన్ని పెద్ద తుఫానుల పక్కన పెట్టి కొలుస్తుంది గనుక, ఈ తీరంలో ప్రతి సంగతీ ఉప్పెనకు ముందో తరువాతో అయిపోతుంది. ఆంధ్రా బ్యాంకు సంగతే చూడండి. 1923లో ఈ ఊళ్ళోనే పట్టాభి సీతారామయ్యగారు స్థాపించిన ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. ఇన్నేళ్ళయినా దారి చెప్పేవారు “ఆంధ్రా బ్యాంకు దగ్గర” అనే అంటున్నారు. పెద్ద సంస్థ పేరు బోర్డు మారినా జనం నోట నిలుస్తుంది. చిన్న దుకాణదారుకు ఆ భాగ్యం ఉండదు.

రెండో రోజు మేలుకు దారి దొరికినది ఇనుప సామాన్ల కొట్టులో. దాని యజమాని హిందూ సోదరుడు. మా కథ విని, వాళ్ళ నాన్నగారు 1958లో ఆ స్థలం కొన్న దస్తావేజును బీరువాలో నుండి తీసి చూపించారు. ఎవరైనా దస్తావేజులో కొలతలు, సొమ్ము చూస్తారు. మేము హద్దులు చూశాము. తూర్పున మునిసిపల్ రోడ్డు. దక్షిణాన ఒక అత్తరు వ్యాపారి దుకాణం, పేరుతో సహా. ఉత్తరాన మా దాదాగారి కాగితంలోని పేరు! తండ్రి పేరుతో, ఇంటిపేరుతో, స్పష్టమైన దస్తూరీలో. ఊరు మరచిన ముగ్గురు నలుగురు మనుషులు పక్కవాడి ఆస్తి కాగితంలో హద్దులుగా బతికి ఉన్నారన్న మాట.

పడమటి హద్దు దగ్గర నా చూపు ఆగిపోయింది. “మసీదు వక్ఫు ఖాళీ స్థలం” అని ఉన్నది. ఏ మసీదో రాయలేదు. ఇప్పుడు అక్కడ రెండంతస్తుల కట్టడం ఉన్నది, అందులో ఉన్నవారికి ఆ సంగతి తెలియదు, వారిని అనుమానించడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆ స్థలం ధర్మబద్ధంగా మార్పిడి జరిగి ఉండవచ్చు కూడా. కాని 2025 జూన్‌లో ఉమీద్ పోర్టల్ వచ్చి, వక్ఫ్ ఆస్తుల వివరాలు నమోదు చేయవలసినప్పుడు ఎందరో ముతవల్లీలు పాత కాగితాల కోసం పరుగులు తీశారు. తమ దగ్గర లేని కాగితం పొరుగువాని బీరువాలో హద్దుగా ఉండవచ్చునని ఎంతమందికి తోచిందో! ఆ దస్తావేజు నకలు ఒకటి తీసుకుని స్థానిక పెద్దలకు అందజేశాను. మన ఇళ్ళలో ఉన్న పాత దస్తావేజుల్లోనూ, అమ్మకపువైనా తాకట్టువైనా, హద్దుల పేరా ఒక్కటి చదివి చూడండి. అందులో మసీదో, ఖబరస్తానో, ఆషూర్‌ఖానాయో కనబడితే నకలు తీసి సంబంధిత కమిటీకి ఇవ్వండి.

తండ్రి పేరు, ఇంటిపేరు తెలిసిన తరువాత పని సులువైంది. ఇనగుదురుపేటలో ఒక వృద్ధురాలు ఆ ఇంటి కోడలి చుట్టమే. ఆమె చెప్పిన ప్రకారం దుకాణదారు 1968లో మరణించారు. భార్య తరువాత పోయింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. అప్పు వారి తర్కాలోకి చేరింది గనుక 65 రూపాయలు రెండు, రెండు, ఒకటి పాళ్ళలో విడిపోతాయి. కొడుకులకు 26 చొప్పున, కూతురికి 13.

ఇంత కాలం తరువాత 65 రూపాయలంటే ఎంతని మా మేనల్లుడు అడిగాడు. తీసుకున్న మొత్తమే తిరిగి ఇవ్వడం విధి అని ఎక్కువ మంది పండితుల మాట. అడగకుండా, ముందుగా షరతు పెట్టకుండా మెరుగుగా తిరిగి ఇవ్వడం ప్రవక్త (స) ఆచరించి చూపిన మర్యాద. కాబట్టి బాకీని బాకీగా లెక్క కట్టి, మా తరఫు కానుకను వేరే కవరులో పెట్టాము. రెండింటినీ కలిపితే తరువాత ఎవరికీ లెక్క తెలియదు.

కూతురు పెడనలో ఉన్నారు. అద్దకం అచ్చులు చెక్కే వీధి పక్కన చిన్న ఇల్లు. ఎనభై దాటిన మనిషి. కాగితం చేతికిచ్చి విషయం చెప్పాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత, “బాబూ, మా అబ్బాజాన్ దుకాణం గురించి నన్ను అడిగినవాళ్ళే లేరు” అన్నారు. దుకాణంలో రెండు చెక్క బల్లలుండేవనీ, గజం బద్ద చివర ఇత్తడి తొడుగు వేయించారనీ, కొలిచేటప్పుడు బట్టను ఎప్పుడూ లాగి పట్టుకోరనీ చెప్పారు. లాగితే గజానికి వేలెడు మిగులుతుందట. ఆయన అది హరామ్ అనేవారట. తన 13 రూపాయలను అక్కడికక్కడే మాఫీ చేశారు. మొత్తం మాఫీ చేసేయమ్మా అని మేనల్లుడు అనబోతే ఆవిడే ఆపి, “నా వాటా నేను వదులుకోగలను గాని తమ్ముళ్ళ వాటా వదలడానికి నేనెవరిని?” అన్నారు.

పెద్ద కొడుకు లేరు. ఆయన పిల్లలు గుడివాడలో ఉన్నారు. వారి 26 రూపాయలు చేరాయి, కానుకతో సహా. అందులో ఒక అబ్బాయి ఆ దస్తావేజు పేజీని ఫోనులో ఫోటో తీసుకున్నాడు, తాతగారి పేరు అచ్చంగా రాసి ఉన్నది చూడటం అదే మొదటిసారట.

చిన్న కొడుకు 1970లలో రైల్వే పని మీద ఖరగ్‌పూర్ వెళ్ళారు. అక్కడ తెలుగువారు చాలామంది స్థిరపడ్డారు గదా, ఎవరో ఒకరికి తెలిసి ఉంటుంది. పెడన అమ్మగారు ఇచ్చిన పాత చిరునామాకు ఉత్తరం రాస్తే తిరిగి వచ్చింది. అక్కడి ఒక మసీదు ఇమాముగారికి మరో ఉత్తరం వేశాను. 26 రూపాయల కవరు మళ్ళీ అదే జుజ్దాన్‌లో ఉంచాము.