కొత్త బాండ్ నెత్తిన పాత బరువు పెట్టొద్దు

జేమ్స్ బాండ్ పాత్రలోకి కొత్త నటుడు వస్తున్నాడంటే చాలు, అందరూ అతని ముఖం చూసి జాతకం చెప్పేస్తారు. ఎత్తు చాలదని ఒకరు, వయసు కుదరదని ఇంకొకరు, ఆ ఠీవి లేదని మరొకరు. 2021లో 'నో టైమ్ టు డై'తో డేనియల్ క్రెయిగ్ అధ్యాయం ముగిసింది. 2025లో ఈ సిరీస్ సృజనాత్మక పగ్గాలు దశాబ్దాలుగా నిర్మాతలైన బ్రోకోలీ కుటుంబం నుంచి అమెజాన్ ఎంజీఎంకు వెళ్లాయి. దర్శకుడిగా డెనీ విల్నవ్ పేరు ప్రకటించారు. అప్పటి నుంచి సినిమావాళ్లు నలుగురు కలిస్తే ఇదే చర్చ. ఎడిటింగ్ గదుల్లో బతుకు గడిపినవాడిగా నేను చెప్పేది ఒక్కటే. కొత్త బాండ్ నిలబడేదీ లేనిదీ ముఖాన్ని బట్టి తేలదు. అతని మొదటి సినిమాలో పాత గుర్తులను ఎలా వాడారన్న దాన్ని బట్టి తేలుతుంది.

జార్జ్ లేజన్‌బీ సంగతి చూడండి. తొలి బాండ్ షాన్ కానరీ తప్పుకున్నాక ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఈ మోడల్‌ను తీసుకున్నారు. 1969లో వచ్చిన ఆయన ఏకైక బాండ్ చిత్రం 'ఆన్ హర్ మెజెస్టీస్ సీక్రెట్ సర్వీస్'. దర్శకుడు పీటర్ హంట్ మా వృత్తివాడే. తొలి బాండ్ సినిమాలకు ఆ పరుగు నేర్పిన ఎడిటర్ ఆయన. అంతటివాడి చేతిలో కూడా కొత్త కుర్రాడికి ఊపిరాడలేదు. మొదటి పోట్లాట అయ్యీ అవగానే, ఆ పాత హీరోకైతే ఇలా జరిగేది కాదన్న అర్థంలో అతని చేతే ఒక మాట అనిపించారు. టైటిల్స్‌లో పాత సినిమాల దృశ్యాలు వేశారు. రాజీనామా సీన్‌లో డెస్కు సొరుగు తెరిస్తే అందులోంచి వచ్చేవన్నీ కానరీ సినిమాల వస్తువులే. బాండ్ మారుపేరుతో స్విట్జర్లాండ్ కొండ మీదకు వెళ్లే భాగంలోనైతే లేజన్‌బీ గొంతు కూడా వినపడదు, జార్జ్ బేకర్‌తో డబ్బింగ్ చెప్పించారు. మొదటి సినిమాలోనే గొంతు తీసేస్తే నటుడికి మిగిలేదేముంది?

అదే సినిమా ముగింపు చూడండి. పెళ్లయి కారులో బయల్దేరిన కాసేపటికే భార్య ట్రేసీ తూటాకు బలవుతుంది. బండి ఆపిన పోలీసుతో, ఆమె కాస్త విశ్రాంతి తీసుకుంటోందని అతను నెమ్మదిగా చెబుతాడు. ఆ సన్నివేశంలో కానరీ జ్ఞాపకం ఒక్కటీ లేదు. ఉన్నది లేజన్‌బీ ఒక్కడే. ఆ కొద్ది క్షణాలూ ఇన్నేళ్ల తర్వాత కూడా గుండెను పిండేస్తాయి. ప్రతిభ చాలలేదని ఆయన్ను తీసిపారేసేవాళ్లు ముందు ఈ ముగింపు చూడాలని నా మనవి.

ఆ అనుభవం నుంచి నిర్మాతలు పాఠం నేర్చుకున్నారనే నా నమ్మకం. 1973లో 'లివ్ అండ్ లెట్ డై'తో రోజర్ మూర్‌ను తెచ్చినప్పుడు కానరీ గుర్తులు చాలావరకు పక్కన పెట్టారు. సిగరెట్ బదులు చుట్ట ఇచ్చారు. మార్టినీ అడిగించలేదు. వింత ఆయుధాలిచ్చే క్యూ ఆ సినిమాలో కనపడనే కనపడడు. మూర్ తన నవ్వుతో, తన తీరులో నిలబడ్డాడు. 1985 దాకా ఏడు సినిమాలు చేశాడు.

ఈ పద్ధతికి నిండు రూపం 2006 నాటి 'కేసినో రాయల్'. అంతకు ముందు ఏడాది అక్టోబర్‌లో క్రెయిగ్‌ను థేమ్స్ నది మీద పడవలో తీసుకొచ్చి పరిచయం చేస్తే, లైఫ్ జాకెట్ వేసుకున్నాడని పత్రికలు వెక్కిరించాయి. జుట్టు రంగు బాగాలేదని, సినిమానే బహిష్కరిస్తామని కొందరు అభిమానులు పట్టుబట్టారు. దర్శకుడు మార్టిన్ క్యాంప్‌బెల్ వాదనకు దిగలేదు, కత్తెర పట్టాడు. సినిమా నలుపు తెలుపుల్లో మొదలవుతుంది. ఒక పక్క ఆఫీసు గదిలో ప్రశాంతమైన సంభాషణ, ఇంకో పక్క బాత్‌రూమ్‌లో పింగాణీ సింకులు పగిలే మోటు కొట్లాట. ఆ రెంటినీ ఒకదానిలో ఒకటి కలిపి కోశారు. సిరీస్ మొత్తానికి ముద్రలాంటి తుపాకి గొట్టం షాట్ ఆ కొట్లాటలోంచే పుడుతుంది. ఇంత బలమైన కట్‌ను వాణిజ్య సినిమాల్లో నేను తక్కువగా చూశాను.

తర్వాత కూడా ఏదీ ఊరికే ఇవ్వలేదు. క్యూ లేడు, ఆఫీసు సెక్రటరీ మనీపెన్నీ లేదు. పాత ఆస్టన్ మార్టిన్ కారును పేకాటలో గెలుచుకోవాల్సి వచ్చింది. అందరికీ తెలిసిన ఆ బాండ్ సంగీతాన్ని 144 నిమిషాల సినిమాలో చివరి దాకా దాచి ఉంచారు. ప్రేమించిన వెస్పర్‌ను పోగొట్టుకున్నాక, శత్రువు కాలికి తూటా పేల్చి ఎదురుగా నిలబడి పేరు చెప్పినప్పుడే అది పూర్తిగా మోగింది. అప్పటికి ఆ సంగీతం అతని కష్టార్జితం. వెక్కిరింపులు ఆగిపోయాయి. అంతవరకు వచ్చిన బాండ్ సినిమాలన్నిటికంటే ఎక్కువ వసూలు చేసింది.

1995లో పియర్స్ బ్రాస్నన్‌తో వచ్చిన 'గోల్డెన్‌ఐ'లో పాత కారు, క్యూ అన్నీ ఉన్నాయిగా, అది ఆడలేదా అని అడగొచ్చు. ఆడింది, ఆ దర్శకుడూ క్యాంప్‌బెల్లే. కానీ అప్పటికి ఆరేళ్లుగా బాండ్ సినిమా లేదు. జనం ఆకలి మీదున్నారు, పాత రుచి దొరికితే చాలనుకున్నారు. అయినా బాండ్ పై అధికారి ఎమ్ పాత్రలో జూడి డెంచ్‌ను కూర్చోబెట్టి, నువ్వు ప్రచ్ఛన్న యుద్ధం నాటి పాత సరుకువని బాండ్‌ను ముఖం మీదే అనిపించారు. వారసత్వాన్ని వాడుకుంటూనే దాన్ని నిలదీశారు.

ఇది మనకూ తెలిసిన విషయమే. 1966లో 'గూఢచారి 116' వచ్చేనాటికి కృష్ణ దాదాపు కొత్త నటుడు. తెలుగు తెర మీద పోల్చి తక్కువ చేయడానికి ఆయనకు ముందు అలాంటి గూఢచారి లేడు. తనదైన చురుకుతో ఆంధ్రా జేమ్స్‌బాండ్ అనిపించుకున్నాడు. ఇవాళ అందుకు భిన్నంగా హీరోల వారసుల తొలి సినిమాల్లో తాత డైలాగు చెప్పించి, తండ్రి పాటను రీమిక్స్ చేసి పెడుతున్నారు. హాల్లో చప్పట్లు పడతాయి, కానీ అవి తాతకూ తండ్రికీ పడ్డ చప్పట్లు. ఆ కుర్రాడికి ఏం వచ్చో చూపించే అవకాశం అక్కడే పోతోంది.

అందుకే బాండ్ కొత్త నిర్మాతలకు నా విన్నపం. వచ్చేది ఎవరైనా సరే, మొదటి రీలులోనే పాత కారు ఎక్కించకండి, పాత సంగీతం మోగించకండి. పాత బాండ్ల మీద జోకులు వేయించకండి. అతనికి ఒక కష్టం ఇవ్వండి, దాంట్లోంచి అతన్నే దారి వెతుక్కోనివ్వండి. ప్రేక్షకులకూ ఒక మాట. పోస్టర్ చూసి తీర్పు చెప్పకండి, సినిమా చివరిదాకా కూర్చోండి. పేరు ఆ పాత్రకు ముందే ఉంది. అందులో నిలిచే హక్కును మాత్రం ప్రతి నటుడూ కొత్తగా సంపాదించుకోవాలి, ఆ అవకాశం అతనికి దక్కాలి.