రెండవసారి ముక్కుకు కత్తి పెట్టించుకునే ముందు

ముక్కు శస్త్రచికిత్స చేయించుకొని తృప్తి చెందనివారు వైద్యుని దగ్గరకు వచ్చి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒక్కటే. "మళ్ళీ ఎప్పుడు చేయించుకోవచ్చు?" అది మొదటి ప్రశ్న కాకూడదని నా అభిప్రాయం. బాగులేనిది ముక్కు ఆకారమా, ఊపిరా, లేక ఇంకా తగ్గని వాపా అన్నది ముందు తేలాలి. ఈ మూడింటికీ మార్గాలు వేరు. చాలాసార్లు కత్తితో పనే ఉండదు.

నేను ప్లాస్టిక్ సర్జన్‌ను కాను. కృష్ణాజిల్లా ప్రభుత్వ ఆసుపత్రులలో సాధారణ వైద్యునిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. అయితే విజయవాడలోనో హైదరాబాదులోనో ఆపరేషన్ చేయించుకొని బందరుకో, గుడివాడకో, అవనిగడ్డకో తిరిగి వచ్చినవారు ఆ తరువాత సందేహం కలిగితే వెళ్ళేది దగ్గరలో ఉన్న మావంటివారి దగ్గరకే. నాగాయలంక నుంచి హైదరాబాదుకు కట్టు చూపించుకోవడానికి ప్రతి వారం ఎవరు వెళ్ళగలరు? కొందరు మా దగ్గరకైనా రాకుండా ఊళ్ళోని ఆర్.ఎం.పి.తో వాపుకు సూదిమందులు పొడిపించుకుంటారు. అవి చాలావరకు స్టీరాయిడ్లు. ముక్కు చివర మిగిలిన వాపుకు స్టీరాయిడ్ ఇంజక్షన్ ఇవ్వడమన్నది శస్త్రవైద్యంలో ఉన్నమాట నిజమే. కానీ అది ఎంత, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఆపరేషన్ చేసినవారికి తెలియాలి. తుంటికి పొడిచే ఇంజక్షన్‌కు ఆ పని చేతకాదు.

మా ఆసుపత్రులకు వచ్చినవారిలో ఎక్కువమంది అందం కోసం ముక్కు కోయించుకున్నవారు కారు. రెండు ముక్కురంధ్రాల నడిమి గోడ వంకర పోయిందనో, "ముక్కులో కండ పెరిగింది" అనో ఆపరేషన్ చేయించుకున్నవారు. ఆరు నెలల తరువాత వచ్చి, "డబ్బు పోసినా ముక్కు దిబ్బడ పోలేదండీ" అంటారు. పరీక్షించి చూస్తే గోడ నిట్టనిలువుగానే ఉంటుంది. తుమ్ములు, ముక్కు దురద, నీరు కారడం మాత్రం పాతవే. అది ఎలర్జీ. వరి కోతలు, నూర్పిళ్ళు జరిగే రోజులలో మన డెల్టా పల్లెలలో ఎగిరే ధూళి, ఊక, రైసుమిల్లుల తవుడు దుమ్ము దానిని రేపుతాయి. వంకర గోడను సర్జన్ సరిచేయగలడు గానీ ధూళికి ఉబ్బే లోపలి పొర స్వభావాన్ని మార్చలేడు. ఇటువంటివారికి కావలసింది ముక్కులో కొట్టుకునే స్టీరాయిడ్ స్ప్రే, ఉప్పునీటితో ముక్కు కడుక్కోవడం, ధూళిలో పనిచేసేటప్పుడు మూతికి గుడ్డ. రెండవ ఆపరేషన్ కాదు.

ఇంకొక దొంగ కూడా ఉన్నాడు. మందుల షాపులో చీటీ లేకుండా దొరికే ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ చుక్కలు. వేసిన నిమిషాలలో ముక్కు తెరుచుకుంటుంది గనుక వాటిని నెలల తరబడి వాడుతారు. వరుసగా అయిదు రోజులు మించితే మందు ప్రభావం తగ్గగానే లోపలి పొర మునుపటికంటే ఎక్కువగా ఉబ్బుతుంది. ఆ చుక్కలు మాన్పించకుండా ఆపరేషన్ పాడైందని నిర్ణయించడం తొందరపాటే అవుతుంది.

ఆకారం కోసం రైనోప్లాస్టీ చేయించుకున్న తరువాత ఊపిరి తగ్గినవారి సంగతి వేరు. ముక్కు దూలం మీది గూని తీయించుకున్నవారిలో ఇది కనిపిస్తుంది. పాకకు నిట్టాడు బలహీనపడితే వాసాలు లోపలికి కుంగినట్లు, గూని తీసేటప్పుడు ఆధారం చాలకపోతే పక్కనున్న మృదులాస్థులు లోపలికి కుంగుతాయి. గాలిదారిలో అతి ఇరుకైన చోటు అదే. అద్దం ముందు నిలబడి, ముక్కు పక్కన చెంపను వేలితో మెల్లగా బయటికి లాగి ఊపిరి పీల్చి చూడండి. అప్పుడు గాలి హాయిగా ఆడితే ఇరుకు అక్కడ ఉండవచ్చు. ఇది సూచన మాత్రమే. నిర్ధారణ చేయవలసింది చెవి ముక్కు గొంతు వైద్యులు. దానికి నగరానికి పోనక్కరలేదు. మచిలీపట్నంలో 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తున్నది. దాని అనుబంధ ఆసుపత్రిలో చూపించుకుంటే ముందు జబ్బేమిటో తెలుస్తుంది.

ఇక ఆకారం. మొదటిసారి రైనోప్లాస్టీ చేయించుకున్నవారిలో నూటికి సుమారు 5 నుంచి 15 మందికి సవరణ అవసరపడుతుందని వైద్యగ్రంథాలు చెపుతాయి. అంటే మంచి సర్జన్ చేతిలోనూ ఇది జరుగుతుంది. కానీ మూడవ నెలలో అద్దంలో కనిపించేది ముక్కు అసలు రూపం కాదు. కమిలిన మచ్చలు రెండు మూడు వారాలలో పోతాయి. వాపులో ఎక్కువ భాగం మొదటి కొన్ని నెలలలో దిగుతుంది. ముక్కు కొనలోని వాపు అన్నిటికంటే చివర దిగుతుంది. దానికి ఏడాది పడుతుంది. మన దక్షిణాదివారిలో చాలామందికి ముక్కు కొన మీది చర్మం మందంగా, జిడ్డుగా ఉంటుంది. అటువంటి చర్మం లోపల చేసిన సన్నని పనిని పైకి తేలనివ్వదు, వాపును ఇంకా ఆలస్యంగా వదులుతుంది. కనుక 12 నెలలు నిండకముందు ఆకారం కోసం తిరిగి కోయనివ్వరాదు. ఆలస్యం అమృతాన్ని విషం చేస్తుందంటారు గానీ, ఇక్కడ ఆలస్యమే అమృతం.

ఫోనులో తీసుకున్న ఫొటోలను చూసి బెంగపడేవారికి ఒక మాట. చేయి చాచి, సుమారు 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీసుకున్న ఫొటోలో ముక్కు, 5 అడుగుల దూరం నుంచి తీసిన ఫొటోలో కంటే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని అమెరికా వైద్యులు 2018లో లెక్కకట్టి చూపారు. నెలకొకసారి, అదే గోడ ముందు, అదే వెలుతురులో, దూరం నుంచి మరొకరి చేత ఫొటో తీయించుకోండి. మార్పు ఉన్నదీ లేనిదీ అప్పుడు తెలుస్తుంది.

ఆగమన్నాను గదా అని కొన్నిటి విషయంలో ఆగకూడదు. ఆపరేషన్ అయిన రోజులలో నొప్పి తగ్గకపోగా పెరిగి, రెండు వైపులా ముక్కు బిగుసుకుపోయి జ్వరం వస్తే నడిమి గోడలో రక్తమో చీమో చేరిందేమోనని అనుమానించాలి. దానిని వెంటనే తీయకపోతే కొద్ది రోజులలోనే మృదులాస్థి కరిగిపోయి ముక్కు దూలం గుర్రపు జీనులా కుంగుతుంది. తల వంచినప్పుడు ఒక రంధ్రం నుంచి స్వచ్ఛమైన నీరు బొట్లు బొట్లుగా కారడం, చర్మం నల్లబడడం, ఆగని రక్తస్రావం, లోపల పెట్టిన సిలికాన్ ముక్క మీద చర్మం ఎర్రబడి పలచబడడం, వీటిలో ఏది కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

రెండవ ఆపరేషన్ మొదటిదానికంటే ఎందుకు కష్టమో రోగికి చెప్పేవారు తక్కువ. ముక్కును బాగుచేసే శస్త్రవిద్య మన దేశంలోనే పుట్టింది. సుశ్రుతసంహితలో దాని విధానం ఉన్నది. 1792లో టిప్పు సుల్తానుతో జరిగిన యుద్ధంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కవాస్జీ అనేవాడు శత్రువులకు చిక్కితే వారు అతని ముక్కు కోసివేశారు. ఏడాదిపాటు ముక్కు లేకుండా తిరిగిన అతనికి, పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన ఒక వైద్యుడు నుదుటి చర్మంతో కొత్త ముక్కు అమర్చాడు. 1794 అక్టోబరులో లండనులోని 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' ఆ వృత్తాంతాన్ని బొమ్మతో సహా అచ్చువేసింది. ఉన్న ముక్కును అందం కోసం చిన్నది చేయడం వంద సంవత్సరాల తరువాతి మాట. బెర్లినులో జాక్వెస్ జోసెఫ్ అనే వైద్యుడు 1898లో ఆ దారి తీశాడు.

ఈ కథ చెప్పడానికి కారణమున్నది. మొదటి రైనోప్లాస్టీ చాలావరకు జోసెఫ్ దారి, అంటే తీసివేయడం. రెండవది కవాస్జీ దారి, అంటే లేనిదానిని తెచ్చి పెట్టడం. మృదులాస్థి నడిమి గోడలో మిగిలి ఉంటే అక్కడి నుంచి, లేకపోతే చెవి నుంచి, అదీ చాలకపోతే పక్కటెముక నుంచి తీసుకోవాలి. మొదటి ఆపరేషన్ మచ్చకణజాలం పొరలను ఒకదానికొకటి అతికించి ఉంటుంది. రక్తప్రసారం తగ్గి ఉంటుంది. చర్మం మునుపటిలా ముడుచుకోదు. అందువలన రెండవసారి ఫలితం "అనుకున్నట్లు" కాక "ఇప్పటికంటే మెరుగు" అన్న హద్దులో ఉంటుంది. ఈ తేడాకు ఒప్పుకోలేనివారు బల్ల ఎక్కకపోవడమే మంచిది.

ఇంత జాగ్రత్త చెప్పినా వినని బలం ఒకటి మన ఇళ్ళలో ఉంది. అది ముహూర్తం. దివిసీమలోని ఒక పల్లె నుంచి తల్లిదండ్రులు ఇరవై మూడేళ్ళ అమ్మాయిని తీసుకువచ్చారు. ఆపరేషన్ అయి నాలుగు నెలలు. "డాక్టరు గారూ, మాఘమాసంలో పెళ్ళండీ. ఈలోపు సరిచేయించెయ్యాలి. ఫొటోలో ముక్కు ఒకలా ఉంది, మనిషికి ఒకలా ఉందని పెళ్ళికొడుకు మేనత్త అందటండీ" అన్నాడు తండ్రి. తల్లి తల వంచుకొని కూర్చుంది. అమ్మాయిని అడిగితే, "రాత్రిళ్ళు నోరు తెరుచుకొని పడుకుంటున్నానండీ, గొంతు ఎండిపోయి లేస్తున్నాను" అని చెప్పింది. ఆ సంగతి అంతవరకు ఇంట్లో ఎవరికీ తెలియదు, ఎవరూ అడగలేదు. ముహూర్తం మార్చలేమన్నారు. ఆపరేషన్ తేదీని మాత్రం మార్చవచ్చునని, ముందు ఆ ఊపిరి సంగతి చూపించమని చెప్పి చెవి ముక్కు గొంతు విభాగానికి చీటీ రాసి ఇచ్చాను.

మేనత్త మాటకు ముక్కు కోయించే ఆచారాన్ని నేను ఎంతమాత్రం సమర్థించను. కవులు ముక్కును సంపెంగతో పోల్చారు, ముక్కు మీది పద్యంతో నంది తిమ్మనకు ముక్కు తిమ్మనని పేరే వచ్చిందని చెప్పుకుంటాం, చిలకలపూడి రోల్డ్ గోల్డ్ ముక్కుపుడకలు ఊరూరా అమ్ముడుపోతాయి. ముక్కు మనకు ముద్దే. అయినా అది ముందు గాలి పీల్చుకునే అవయవం.

అదే సమయంలో, ఇటువంటి రోగులను "బంగారంలాంటి ముక్కును పాడుచేసుకున్నావు" అని గద్దించే వైద్యులను, బంధువులను కూడా నేను సమర్థించను. గద్దింపు తిన్నవారు మళ్ళీ వైద్యునికి చెప్పరు, ప్రకటన చూసి ఎక్కడికో పోతారు. ఆ ఎక్కడికోలో ఒకటి బ్యూటీ క్లినిక్కు. "కోత లేకుండా ఒక్క సూదితో" ముక్కును సరిచేస్తామని ఫిల్లర్లు ఎక్కిస్తారు. ముక్కు రక్తనాళాలకూ కంటి రక్తనాళాలకూ సంబంధం ఉంది. ఆ పదార్థం నాళంలోకి పోతే చూపు శాశ్వతంగా పోవచ్చు, చర్మం కుళ్ళవచ్చు. ఒకసారి ఆపరేషన్ అయిన ముక్కులో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ.

మరి ఎవరి దగ్గరకు వెళ్ళాలి? ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. లేదా డి.ఎన్.బి. చేసినవారు గానీ, ఈ పనిలో ప్రత్యేక శిక్షణ పొందిన చెవి ముక్కు గొంతు సర్జన్ గానీ కావాలి. మొదట చేసిన సర్జన్ దగ్గరకే ఒకసారి వెళ్ళడం మంచిది, లోపల ఏమి తీశారో ఏమి పెట్టారో తెలిసినది ఆయనకే. ఆయన మాట మీద నమ్మకం పోతే మరొకరి అభిప్రాయం తీసుకోవడం తప్పు కాదు, ద్రోహమూ కాదు. ఇటువంటి సవరణలు మీరు స్వయంగా ఎన్ని చేశారని అడగండి. చిరాకుపడేవారిని వదిలివేయండి.

ఇద్దరు ముగ్గురు నిపుణులు చూసి ముక్కు బాగానే ఉందన్నా, రోజుకు గంటల తరబడి అద్దం ముందు గడిపేవారు, పెళ్ళిళ్ళకు పేరంటాలకు పోవడం మానుకున్నవారు ఉంటారు. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అనే మనోవ్యాధి ఇది. వేషమూ కాదు, పొగరూ కాదు. దీనికి మందులున్నాయి, మానసిక చికిత్స ఉంది. ఎన్ని ఆపరేషన్లయినా ఇది సాధారణంగా తగ్గదు, కొందరిలో పెరుగుతుంది కూడా.

చివరిగా కాగితాల సంగతి. రెండవ సర్జన్ చేతిలో ఆపరేషన్ నోట్సు, ముందటి ఫొటోలు, స్కానులు, లోపల పెట్టిన ఇంప్లాంట్ వివరాలు ఉండాలి. భారత వైద్య మండలి 2002 నియమాల ప్రకారం వైద్యుడు రికార్డులను 3 సంవత్సరాలు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటలలో ఇవ్వాలి. నచ్చని ఫలితమంతా నిర్లక్ష్యం కాదు. కానీ నిజంగా నిర్లక్ష్యమే జరిగితే, డబ్బు తీసుకొని చేసిన వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లో వి.పి. శాంత కేసులో తేల్చింది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదుకు గడువు 2 సంవత్సరాలు. కత్తి విషయంలో ఏడాది ఆగమని నేను చెప్పిన మాట కాగితాలకు వర్తించదు. వాటిని మొదటి వారంలోనే, లిఖితపూర్వకంగా అడిగి, అడిగినట్లు సంతకం తీసుకోండి.